మాంద్యంలో సర్కారు: కరువు పని, కిస్తు, టంకశాల

తెలుగు పల్లెల్లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దాని పూర్తి పేరుతో పిలిచినవారు అరుదు. ‘కరువు పనికి పోతున్నం’ అనే మాటే చెరువు పూడిక తీసే చోటా, మస్టర్ వేసే చోటా వినిపించేది. వానలు నిండుగా కురిసి చెరువులు అలుగు పారిన ఏడాది కూడా అది కరువు పనే. ఆ పేరు అధికారులు పెట్టింది కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలవడానికి చాలా ముందు నుంచీ, పంట పోయిన ఏడాది సర్కారు తవ్వించే చెరువులకూ వేయించే బాటలకూ ఉన్న పేరునే జనం కొత్త పథకానికి తగిలించారు. తీవ్ర ఆర్థిక మాంద్యంలో ప్రభుత్వం ఏం చేయాలన్న ప్రశ్నకు అర్థశాస్త్రం 1930లలో గానీ సూటిగా జవాబు చెప్పలేకపోయింది. ఆ జవాబులో సగం మాత్రం ‘కరువు పని’ అన్న ఈ రెండు మాటల్లో అంతకుముందే ఉంది.

కరువంటే తిండిగింజలు లేకపోవడమేనని అనుకోవడం అలవాటు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. బయటి నుంచి గింజలు తెచ్చే దారులే అప్పుడు సరిగా లేవు. 1876-78 నాటి ధాత కరువు వేళకు పరిస్థితి మారింది. రైళ్లు వచ్చాయి, మద్రాసు రేవులో ధాన్యం దిగుతూనే ఉంది, మరోవైపు దేశం నుంచి ధాన్యం ఎగుమతీ ఆగలేదు. పొలం పనులు నిలిచిపోయిన కూలీ చేతిలో ఆ గింజలు కొనే డబ్బే లేదు. అందుకే సర్కారు పనులు తెరవాల్సి వచ్చింది. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే బకింగ్‌హామ్ కాలువ భాగాన్ని 1877-78లో తవ్వింది కరువు కూలీలే. ఖజానాకు భారం తగ్గించే పని మీద వచ్చిన రిచర్డ్ టెంపుల్ మాత్రం రోజు కూలీని ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి నగదుకూ కుదించారు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. పొద్దస్తమానం మట్టి మోసే మనిషికి అది ఏ మూలకూ చాలదని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. 1880 నాటి కరువు కమిషన్ తర్వాత ఈ వ్యవహారానికి ఒక నియమావళి ఏర్పడింది గానీ, పని చూపించాలన్న అవసరానికీ ఖజానా తరగకూడదన్న పట్టుదలకూ మధ్య లాగులాట ఆ నియమావళితో తీరలేదు.

ఆర్థిక మాంద్యం గింజలు గాదెల్లో ఉండగానే వచ్చే కరువు. 1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలిన తర్వాత, 1933 నాటికి అమెరికాలో పారిశ్రామికోత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది, పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేకుండా పోయింది, దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. ఆ నాలుగేళ్లలో యంత్రాలు చెడిపోలేదు, గనులు అడుగంటలేదు, పనివారు పని మరచిపోలేదు. కొనేవారు తగ్గిపోయారు, అంతే. వృద్ధి రేటు ఒకటి రెండు శాతం తగ్గితే దాన్ని మందగమనం అంటారు. మాంద్యంలో జరిగేది వేరు: తగ్గుదలే మరో తగ్గుదలకు కారణమై, ఆగే చోటు కనిపించకుండా సాగుతుంది.

అది ఎలా సాగుతుందో అర్థం కావడానికి న్యూయార్క్ దాకా వెళ్లనక్కరలేదు. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చాలావరకు ఉద్దెర మీద నడుస్తుంది. జిల్లాల నుంచి వచ్చే దుకాణదారు సరుకు ఇప్పుడు తీసుకువెళ్లి, అమ్ముడుపోయాక డబ్బు కడతాడు. పెళ్లిళ్ల సీజన్‌లో సామాన్లు కదలకపోతే అతను బాకీ కట్టలేడు; బాకీ రాని హోల్‌సేలర్ కొత్త ఉద్దెర ఆపేస్తాడు; ఉద్దెర ఆగితే, కొనేవారున్న ఊళ్లో కూడా దుకాణంలో సరుకు ఉండదు. గోదాములో సరుకు దిగకపోతే హమాలీకి కూలీ లేదు, ట్రాలీ ఆటోకు కిరాయి లేదు. ఈ వరసలో ప్రతి మనిషీ తన మట్టుకు తాను జాగ్రత్తగానే ఉన్నాడు. ఒకరి ఖర్చే మరొకరి రాబడి కావడం వల్ల, అందరి జాగ్రత్తా కలిసి అందరి ముంపుకూ దారి తీసింది. జీఎస్‌టీ, రిజిస్ట్రేషన్ రుసుము, పెట్రోలు మీద పన్ను అన్నీ ఈ వరసలోనే పుట్టే డబ్బు గనుక, వరస తెగినప్పుడు సర్కారు రాబడి కూడా తెగుతుంది.

2020 మార్చి నెలాఖరులో హైదరాబాద్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లాక్‌డౌన్ మొదలై పట్టుమని పది రోజులు కాకముందే రాష్ట్ర ప్రభుత్వం ఆ నెల జీతాల్లో కోత ప్రకటించింది. ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులకు 75 శాతం, అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి సిబ్బందికీ ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు వారికీ 10 శాతం, పింఛనుదారులకు 50 శాతం ఆపారు. దానికి చట్టబద్ధత కోసం జూన్‌లో ఆర్డినెన్సు వచ్చింది. ఆపిన మొత్తాలను తర్వాత వాయిదాల్లో చెల్లించారు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. అక్కడ వ్యవహారం కోర్టులకెక్కగా, ఆపిన జీతాలు, పింఛన్లను 6 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ నిర్ణయాన్ని ఇంటి లెక్కతో చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాబడి పడిపోయిన ఇల్లు ఖర్చు తగ్గించుకుంటుంది. చిక్కేమిటంటే, ఇల్లు ఖర్చు తగ్గించినంత మాత్రాన ఇంటి యజమాని జీతం తగ్గదు. ప్రభుత్వం ఖర్చు తగ్గిస్తే కొన్ని నెలల్లో దాని పన్ను రాబడి ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ఉద్యోగి ఆపుకున్న కొనుగోలే దుకాణదారు కట్టని పన్ను. లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ ఎలాగూ మూసే ఉన్నాయి గనుక ఆ ఒకటి రెండు నెలల్లో కోత చేసిన నష్టం మామూలు మాంద్యంలో కంటే తక్కువే అయి ఉండవచ్చు. అయినా దుకాణాలు మూసి ఉన్నంత మాత్రాన ఇంటి ఖర్చులు ఆగవు.

ఇంటి లెక్క హైదరాబాద్‌కు మాత్రమే తోచింది కాదు. మాంద్యాన్ని తరిమిన ధీరుడిగా పేరుపడ్డ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1932 ఎన్నికల్లో బడ్జెట్ లోటు తగ్గిస్తాననే ఓట్లడిగారు. 1933 మార్చిలో పదవి చేపట్టిన మొదటి నెలలోనే పొదుపు చట్టం తెచ్చి, కేంద్ర ఉద్యోగుల జీతాలను 15 శాతం వరకు కోశారు, మాజీ సైనికుల పింఛన్లను తగ్గించారు. ఆ శీతాకాలం వచ్చేసరికి వరస మారింది. నవంబరులో మొదలుపెట్టిన తాత్కాలిక పనుల కార్యక్రమం కింద, 1934 జనవరి నాటికి దాదాపు 40 లక్షల మంది రోడ్లు, బడులు, మురుగు కాలువల పనుల్లో ఉన్నారు. మన వైపు వాడుకలో చెప్పాలంటే అది కరువు పని. 1935లో మొదలైన పెద్ద పనుల సంస్థ, 1943లో మూతపడేలోగా దాదాపు 85 లక్షల మందికి పని చూపింది.

జర్మనీ ఇంటి లెక్కను చివరిదాకా వదల్లేదు. 1930 నుంచి 1932 వరకు ఛాన్సలర్ బ్రూనింగ్ అత్యవసర ఉత్తర్వులతో జీతాలు, నిరుద్యోగ భృతి తగ్గిస్తూ పోయారు. 1932 నాటికి నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలు చేరింది, ఆ ఏడాది జులై ఎన్నికల్లో నాజీలకు 37 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లకు ఇతర కారణాలు కూడా ఉన్నాయి గానీ, ఆకలిని లెక్కలోంచి తీసేసి ఆ చరిత్రను చెప్పడం కుదరదు.

మాంద్యంలో ధరలు పడిపోవడం కొనేవారికి మేలని పైకి అనిపిస్తుంది. అప్పున్నవాడికి అది ఉరి. కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు 1930లు నేర్పిన పాఠం ఇదే. ఒక రైతు ఎకరానికి 8 రూపాయల కిస్తు, అంటే భూమి శిస్తు, సర్కారుకు కడుతున్నాడనీ, బస్తా వడ్లు 4 రూపాయలు పలుకుతున్నాయనీ అనుకుందాం. రెండు బస్తాలు అమ్మితే కిస్తు తీరుతుంది. బస్తా ధర 2 రూపాయలకు దిగితే అదే కిస్తుకు నాలుగు బస్తాలు అమ్మాలి. కాగితం మీద పన్ను పైసా పెరగలేదు, గాదెలో లెక్క రెట్టింపయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1929 తర్వాతి నాలుగైదేళ్లలో బియ్యం ధర దాదాపు సగానికి పడిపోయింది కాబట్టి ఇది ఊహాలెక్కే అయినా నిజానికి దూరం కాదు. సాహుకారు దగ్గర తెచ్చిన అప్పుకూ ఇదే లెక్క. నోటు మీద అంకె మారదు, దాన్ని తీర్చడానికి అమ్మాల్సిన పంట మారుతుంది. సరిగ్గా అదే కాలంలో డెల్టా జిల్లాల్లో శిస్తును తిరిగి లెక్కగట్టి పెంచే రీసెటిల్‌మెంటు ముందుకు రావడంతో ఎన్.జి. రంగా వంటివారి నాయకత్వంలో రైతులు కదిలారు. మద్రాసులో ఎన్నికైన ప్రభుత్వం వచ్చి, 1938లో వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టంతో పాత అప్పులను కుదించేదాకా కాలం గడిచిపోయింది. అప్పటికి చాలా భూములు చేతులు మారాయి.

ఢిల్లీ సర్కారు ఆ పదేళ్లలో చేయగలిగి కూడా చేయని పని ఒకటుంది. 1927లో రూపాయి మారకాన్ని ఒక షిల్లింగు ఆరు పెన్నీల దగ్గర, అంటే 18 పెన్నీల దగ్గర కట్టేశారు. అది ఎక్కువనీ, 16 పెన్నీలకు దించాలనీ దేశీయ వ్యాపారులు, కాంగ్రెస్ నాయకులు అడుగుతూనే ఉన్నారు. రూపాయి విలువ దిగితే పత్తికీ వేరుశెనగకూ రూపాయల్లో మరికాస్త ధర వచ్చేది. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ తన పౌండును బంగారం నుంచి విడదీసి విలువ తగ్గించుకుంది. రూపాయిని మాత్రం ఆ పౌండుకే 18 పెన్నీల చొప్పున కట్టి ఉంచింది. పౌండుతో పాటే రూపాయి కూడా కొంత దిగింది గానీ, భారత్ అవసరానికి తగినట్టు దించుకునే వీలు దక్కలేదు. బంగారం ధర రూపాయల్లో ఎగబాకడంతో కిస్తులకూ అప్పులకూ గతిలేని కుటుంబాలు ఒంటి మీది నగలు అమ్ముకున్నాయి, ఆ బంగారం ఓడలకెక్కి లండన్ చేరింది. ఇంగ్లండ్‌కు భారత్ కట్టాల్సిన చెల్లింపులు ఆగకుండా సాగాయి కాబట్టి పాలకులకు అది సమస్యగా కాక పరిష్కారంగా కనిపించింది. రూపాయి ఎవరి చేతిలో ఉందన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఇక్కడే తెలుస్తుంది.

ఆ ప్రశ్న హైదరాబాద్‌లో మరో రూపంలో ఉంది. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉంది, సైఫాబాద్‌లో సొంత టంకశాల ఉంది, 1918 నుంచి సొంత కాగితపు నోట్లు కూడా ఉన్నాయి. హాలీ సిక్కా అని జనం పిలిచిన ఆ రూపాయిని ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు చొప్పున నిలపడమే రాజ్యం విధానం. అంటే టంకశాల సొంతమే గానీ దాని తాళంచెవి మరొకరి గుత్తికే ఉంది. అయినా ఖజానా సంగతి మద్రాసు కన్నా మెరుగు. ఆర్థిక వ్యవహారాలు చూసిన అక్బర్ హైదరీ నిల్వ నిధులను కూడబెట్టారు. 1929లో కోటి రూపాయలతో పరిశ్రమల నిధి ఏర్పాటైంది. మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం 1931 దాకా సాగింది. 1930లో రైల్వేను రాజ్యమే కొనుక్కుంది, 1932లో ఆ రైల్వే కిందే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో చక్కెర కర్మాగారం, 1934లో పునాదిరాయి పడి 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం అన్నీ ఆ దశాబ్దానివే. వీటిని మాంద్యానికి విరుగుడుగా తలపెట్టారని చెప్పడం అతిశయోక్తి. చాలావాటి ఆలోచన ముందే ఉంది. కానీ లోకమంతా పనులు ఆపేస్తున్న ఏళ్లలో ఇక్కడ రాతి పని, మట్టి పని ఆగలేదన్నది నిజం.

ఆ డబ్బు ఎక్కడిదాకా చేరిందన్నది వేరే కథ. రాజ్యంలో దాదాపు 30 శాతం భూమి జాగీర్ల కింద, మరో 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉంది. దేశ్‌ముఖుల గడీల నీడలో వెట్టి చేసే మనిషికి కూలీ రేటు పెరిగినా ఒరిగేదేమీ లేదు. పత్తి, నూనెగింజల ధరలు కూలినప్పుడు చిన్న రైతు భూమి సాహుకారుకో, దొరకో దఖలుపడింది. నగరంలో భవనం లేచిన ఏళ్లే నల్లగొండలో పట్టాలు పోయిన ఏళ్లు. ప్రభుత్వ ఖర్చు మాంద్యాన్ని ఆపుతుందా అన్న చర్చ చాలాసార్లు ఎంత ఖర్చు పెట్టారన్న లెక్కతో ముగుస్తుంది; తెలంగాణ అనుభవం ఆ లెక్క చాలదంటుంది.

ప్రభుత్వం మొదటి రోజే చేయాల్సిన పని మాత్రం పనులు తెరవడం కాదు, బ్యాంకుల దగ్గర క్యూ తగ్గించడం. ఉద్దెర ఆగితే బేగంబజార్ గతి ఏమవుతుందో, బ్యాంకులు ఆగితే దేశం గతి అదే. రూజ్‌వెల్ట్ 1933 మార్చి 6న దేశంలో బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించారు. 9న అత్యవసర చట్టం వచ్చింది. 12న, ఆదివారం రాత్రి, ఆయన రేడియోలో మాట్లాడి, డబ్బును పరుపు కింద దాచడం కన్నా తిరిగి తెరిచిన బ్యాంకులో ఉంచడమే క్షేమమని మామూలు మాటల్లో వివరించారు. మర్నాడు తెరిచిన బ్యాంకుల ముందు మళ్లీ క్యూలు కట్టారు, ఈసారి డబ్బు వేయడానికి. ఆ జూన్ నాటి చట్టంతో డిపాజిట్లకు బీమా వచ్చింది. భారత్‌లో ఆ బీమా 1962లో 1,500 రూపాయల పరిమితితో మొదలైంది. 1993లో అది లక్షకు పెరిగి, 2020 ఫిబ్రవరి దాకా అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు 5 లక్షలు. 2000వ దశకం మొదట్లో హైదరాబాద్‌లో కొన్ని సహకార అర్బన్ బ్యాంకులు వరుసగా మూతపడినప్పుడు, పింఛను డబ్బంతా ఒక్కచోటే దాచుకున్నవారికి ఆ లక్ష పరిమితి అంటే ఏమిటో తెలిసివచ్చింది.

బ్యాంకుల తర్వాతది ద్రవ్యం. తన డబ్బు విలువను బంగారానికి కట్టిన ముడి విప్పడంలో ఏ దేశం ముందుంటే ఆ దేశం ముందు కోలుకుంది. 1931 డిసెంబరులో జపాన్ ఆర్థిక మంత్రిగా వచ్చిన తకహాషి కొరెకియో వెంటనే ఆ ముడి విప్పారు, యెన్ విలువను దిగనిచ్చారు, ప్రభుత్వ బాండ్లను కేంద్ర బ్యాంకు చేత కొనిపించి ఖర్చు పెంచారు. రెండేళ్లు తిరగకముందే పరిశ్రమలు లేచాయి. కోలుకున్నాక ఆ కుళాయి కట్టేద్దామని సైన్యం ఖర్చు తగ్గించబోయినప్పుడు, 1936 ఫిబ్రవరి 26న సైనికాధికారులు ఆయనను చంపేశారు. తెరిచిన కుళాయి దగ్గర ఎవరు బిందె పెట్టుకున్నారో చూసుకోకపోతే దాన్ని కట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. త్వరగా కట్టేసినా ప్రమాదమే. 1936-37లో అమెరికా కోలుకున్నామనుకుని ఖర్చు తగ్గించింది, బ్యాంకులు అప్పివ్వకుండా పక్కన పెట్టాల్సిన నిల్వ నిష్పత్తిని రెట్టింపు చేసింది. ఏడాది తిరిగేలోగా పారిశ్రామికోత్పత్తి దాదాపు మూడో వంతు పడిపోయింది.

2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు, ఈ అనుభవాలన్నీ తెలిసిన తరం ఢిల్లీలో ఉంది. రిజర్వ్ బ్యాంకు 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ మధ్య, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వసూలు చేసే వడ్డీని, అంటే రెపో రేటును, 9 శాతం నుంచి 4.75 శాతానికి దించింది. డిసెంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని 4 శాతం పాయింట్లు తగ్గించింది. అంతకు కొన్ని నెలల ముందే వచ్చిన రైతు రుణ మాఫీ, ఆరో వేతన సంఘం బకాయిలు, అప్పటికి జిల్లాలన్నిటికీ విస్తరించిన ఉపాధి హామీ అనుకోకుండా సమయానికి అందివచ్చాయి. మాదాపూర్ కంపెనీల్లో కొత్త నియామకాలు ఆగి, ప్రాజెక్టు లేక ‘బెంచ్’ మీద ఉన్నవారికి నిద్ర పట్టని రోజులవి. అయినా దేశం మాంద్యంలోకి జారలేదు.

2020 దెబ్బ అంతకంటే లోతైనది. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం తగ్గింది. మే 12న 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటన వెలువడింది. ఆ అంకెను జాగ్రత్తగా చదవాలి. అందులో అధిక భాగం రుణాలు, రుణ హామీలు, రిజర్వ్ బ్యాంకు అప్పటికే అందుబాటులో ఉంచిన నిధులు. బడ్జెట్ నుంచి కొత్తగా జనం చేతికి వెళ్లిన సొమ్ము అందులో చిన్న వాటా. చిన్న పరిశ్రమలకు పూచీకత్తు లేకుండా 3 లక్షల కోట్ల రుణ హామీ ఉద్దెర గొలుసు తెగకుండా కాపాడే ఏర్పాటు, ఆ మేరకు మంచి ఆలోచనే. కానీ గిరాకీ లేని దుకాణదారుకు అప్పు ఇస్తానంటే, తీసుకుని ఏం చేయాలన్నది అతని ప్రశ్న. నేరుగా అందినవి రేషన్ మీద మనిషికి నెలకు అదనంగా 5 కిలోల గింజలు, జన్‌ధన్ ఖాతాల్లోకి మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు, ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్లు. తెలంగాణ తన వంతుగా తెల్లకార్డు ఉన్న కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఉపాధి హామీ కింద 2020-21లో దేశవ్యాప్తంగా దాదాపు 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. పట్నం నుంచి తిరిగి వచ్చిన డిగ్రీ చదివిన పిల్లలు పార పట్టిన ఏడాది అది.

కేంద్రం ద్రవ్యలోటు ఆ ఏడాది దేశ ఉత్పత్తిలో 4.6 శాతం నుంచి 9.2 శాతానికి పెరిగింది. రిజర్వ్ బ్యాంకు మార్కెట్లో 3 లక్షల కోట్ల రూపాయలకు పైగా ప్రభుత్వ బాండ్లు కొని వడ్డీ రేట్లను అదుపులో ఉంచింది. ఇంటి లెక్కను పక్కన పెట్టే వెసులుబాటు ఉన్నవారు పక్కన పెట్టారన్నమాట. రాష్ట్రానికి ఆ వెసులుబాటు లేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. మామూలుగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతంగా ఉన్న పరిమితిని ఆ ఏడాది 5 శాతానికి పెంచారు గానీ, పెంచిన రెండు శాతంలో అధిక భాగానికి షరతులు తగిలించారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, విద్యుత్ పంపిణీ, పట్టణ పన్నులు, వ్యాపార అనుమతులు సంస్కరించిన మేరకే మిగతా అప్పు. జీఎస్‌టీతో అమ్మకపు పన్ను వేసే అధికారం 2017లోనే చాలావరకు చేజారింది. దానికి బదులుగా ఏటా 14 శాతం వృద్ధి లెక్కన రాష్ట్రాలకు ఇస్తామన్న పరిహారం ఎవరు అప్పు చేసి ఇవ్వాలన్న వాదన అక్టోబరు దాకా సాగి, చివరకు 1.1 లక్షల కోట్లు కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు బదలాయించింది. ఆ నెలలోనే రిజర్వ్ బ్యాంకు రాష్ట్రాల బాండ్లను కూడా ప్రత్యేక సందర్భంగా మార్కెట్లో కొన్నది. మార్చి నెల జీతాల కోతను తప్పించడానికి అవి ఏడు నెలలు ఆలస్యం.

కాబట్టి ఆ కోతను రాష్ట్ర ప్రభుత్వ నిర్దయగానో అసమర్థతగానో మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. దాని వెనుక ఉన్నది 1931లో రూపాయికి ఉన్న చిక్కే, 2010 తర్వాత గ్రీసుకు వచ్చిన చిక్కే. యూరోను తాను ముద్రించలేని గ్రీసు, అప్పిచ్చినవారి షరతులకు లోబడి జీతాలు, పింఛన్లు కోస్తూ పోయి, దాదాపు నాలుగో వంతు ఆర్థిక వ్యవస్థను పోగొట్టుకుంది. 2013 నాటికి అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటింది. ప్రజలు ముందుగా వచ్చి తలుపు తట్టేది తమకు దగ్గరున్న ప్రభుత్వాన్ని. మాంద్యాన్ని ఎదుర్కొనే ఆయుధాలు ఉన్నది దూరపు ప్రభుత్వం దగ్గర. హైదరాబాద్‌లో ఇప్పటికీ టంకశాల ఉంది, చర్లపల్లిలో. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ.

మిగిలింది పని. కరువు పని కావాలంటే జాబ్ కార్డు ఉండాల్సిందే, జాబ్ కార్డు పల్లెలోనే పుట్టేది. నగరంలో పొద్దున ఏడింటికి అడ్డా మీద టిఫిన్ డబ్బా, తాపీ పట్టుకుని నిలబడే మనిషికి ఆ చట్టంలో చోటు లేకపోయింది. మేస్త్రీ వచ్చి పిలిస్తే ఆ రోజు కూలీ, పదింటిదాకా ఎవరూ పిలవకపోతే ఇంటిదారి. నిర్మాణ రంగం ఆగితే అడ్డా మీద జనం పెరుగుతారు, కూలీ రేటు పడుతుంది. ప్రభుత్వ గణాంకాల్లో ఆ పడిపోవడం కనిపించడానికి నెలలు పడుతుంది. కేరళ 2010లో, రాజస్థాన్ 2022లో పట్టణ పేదలకు పని చూపే పథకాలు పెట్టాయి, రెండూ సొంత ఖజానా నుంచే, అంటే మాంద్యం వచ్చినప్పుడు ముందుగా ఎండే ఖజానా నుంచే. పట్టణ ఉపాధికి కేంద్రం డబ్బు పెట్టే చట్టం ఒకటి ముందే ఉండి ఉంటే 2020 వేసవి వేరుగా గడిచేది. ఆపద వచ్చాక పథకం రాయడం మొదలుపెడితే, కరువు నియమావళి రాసిన 19వ శతాబ్దపు అధికారుల కన్నా వెనకబడినట్టే. వానలు వెనకబడగానే ఏ తాలూకాలో ఏ పని తెరవాలో జాబితాలు సిద్ధంగా ఉంచుకోవాలని వారికి తెలుసు.

2020 మే 1న తెల్లవారుజామున, లాక్‌డౌన్ మొదలయ్యాక దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. సంగారెడ్డి జిల్లాలో ఒక నిర్మాణ స్థలంలో చిక్కుకుపోయిన దాదాపు 1,200 మంది కూలీలు అందులో ఉన్నారు. వారు వదిలి వెళ్లిన నగరంలో సిమెంటు ఉంది, స్టీలు ఉంది, సగం లేచిన గోడలున్నాయి. వారు వెళ్తున్న ఊళ్లలో కరువు పని ఉంది.